డీలర్ల సఫారీ

నల్ల తామర పురుగు పల్నాడు మిరప తోటల్ని ఊడ్చేసిన ఏడాదే వినుకొండలో శివరామకృష్ణ పురుగుమందుల కొట్టు ఎన్నడూ లేనంత జోరుగా నడిచింది. పురుగు పూతలో దూరి కూర్చునేది. పువ్వు విప్పి చూస్తే నల్లటి నలుసులు కదులుతుండేవి. తెల్లారేసరికి పూత రాలి పాదుల్లో పడేది. రైతులు మోటారు సైకిళ్ళ మీద వచ్చి కొట్టు ముందు గుంపుగా నిలబడేవాళ్ళు. ఒక మందు పట్టుకెళ్ళి కొట్టినవాడు ఆ వారంలోనే మళ్ళీ వచ్చి పురుగు చావలేదనేవాడు. అతనికి ఇంకో మందు, దాంట్లో కలపడానికి మరొకటి, ఆ రెండూ ఆకుకు పట్టడానికి జిగురు ఇచ్చి పంపేవాళ్ళు. చివరికి తోట పీకేసి కట్టెలు గట్టున వేసినవాళ్ళు కూడా ఆ ముందురోజు దాకా మందు కొట్టినవాళ్ళే.

శివరామకృష్ణ భార్య కోటేశ్వరి మధ్యాహ్నం పూట కొట్లో కూర్చునేది. కెమిస్ట్రీ చదివిన మనిషి. సీసాతో వచ్చే కాగితాలు చదివే అలవాటు ఆమె ఒక్కదానికే ఉంది. కొట్టినకొద్దీ మంచి పురుగులు చచ్చి, చెడ్డ పురుగు పెరుగుతోందని గుంటూరు దగ్గర లాంఫారం వ్యవసాయ పరిశోధనా కేంద్రం శాస్త్రవేత్తలు చెబుతున్నారని భర్తతో ఒకటి రెండుసార్లు అంది. శివరామకృష్ణ కాదనలేదు. మనం ఇవ్వకపోతే పక్క కొట్లో ఇస్తారు గదా అన్నాడు. ఆయన గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆ మాట కూడా పెన్సిల్ చెక్కుకుంటూ మెల్లగానే అన్నాడు. ఆమె మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు.

ఉగాది వెళ్ళాక కంపెనీ ఏరియా మేనేజర్ ప్రేమ్‌చంద్ స్వీటు డబ్బాతో వచ్చాడు. కొత్తగా వచ్చిన నీలం మూత మందును అందరికంటే ఎక్కువ అమ్మిన డీలర్లను కంపెనీ ఆఫ్రికా తీసుకువెళ్తోందనీ, భార్యాభర్తలిద్దరికీ అన్నీ ఉచితమనీ చెప్పాడు. విక్టోరియా జలపాతం, అక్కడి నుంచి బోట్స్వానాలో అడవి జంతువుల సఫారీ, నది ఒడ్డున ఖరీదైన లాడ్జి, వెంట గైడు. ఫోన్లో బొమ్మలు ఒక్కొక్కటే జరిపి చూపించాడు. సింహం, గుడారంలో తెల్లటి పరుపు, దీపాల మధ్య భోజనాల బల్ల.

కోటేశ్వరికి వెళ్ళాలని లేదు. కానీ ఆ జలపాతం బొమ్మ స్కూల్లో సోషల్ పుస్తకంలో చూసింది. నీళ్ళు పడుతుంటే పొగ ఆకాశానికి లేచే ఆ బొమ్మ ఆమెకు ఇన్నేళ్ళయినా గుర్తుంది. శివరామకృష్ణ కూడా, పెళ్ళయ్యాక నిన్ను అరకు కూడా తీసుకెళ్ళలేదు, ఇదన్నా చూడు అన్నాడు. తాడేపల్లి హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కూతురు శ్రీదుర్గ ఫోన్ చేసి వెళ్ళకపోతే ఊరుకోనంది. కోటేశ్వరి ఒప్పుకుని, దారిలో తినడానికి కారప్పూస చేసింది.

విమానంలోనే ఆమెకు వెగటు మొదలయింది. గుంటూరు, ప్రకాశం డీలర్లంతా ఒక గుంపు. అందులో పెద్దాయన చిలకలూరిపేట వైపు నుంచి వచ్చిన అంకమ్మరావు. ఒంటినిండా బంగారం, పెద్ద గొంతు. విమానంలో మందు ఊరికే ఇస్తారని తెలిశాక గ్లాసు కింద పెట్టలేదు. ట్రే ఇచ్చిన అమ్మాయి చెయ్యి పట్టుకుని వదలకుండా పేరేమిటని అడిగాడు. వెనక సీట్లలో మగాళ్ళు నవ్వారు. పక్కన కూర్చున్న ఆయన భార్య కోటిరత్నం కిటికీలోంచి రెక్క వైపు చూస్తూ కూర్చుంది.

జలపాతం దగ్గర దిగిన లాడ్జిలో పొద్దున పలహారం దగ్గర మనవాళ్ళను చూడలేకపోయింది కోటేశ్వరి. పళ్ళేల నిండా కుప్పలు పోసుకుని, ఒక ముక్క కొరికి, బాగాలేదని పక్కకు తోసేవాళ్ళు. ఇంటి దగ్గర నుంచి తెచ్చిన గోంగూర పచ్చడి పళ్ళ మీద, కేకుల మీద పోసి ఫోటోలు తీసుకున్నారు. తినకుండా వదిలేసిన మాంసం మీద సిగరెట్లు ఆర్పారు. నల్లటి చేతులకు తెల్లటి గ్లవుసులు తొడుక్కున్న ముసలాయన ఒకడు ఆ పళ్ళేలు ఎత్తి పట్టుకెళ్ళాడు. అతని ముఖంలో ఏమీ కనపడలేదు. ఆమె తన పళ్ళెం తానే తీసుకెళ్ళబోతే అతను తల అడ్డంగా ఊపి మర్యాదగా అందుకున్నాడు.

గైడు పేరు కగీసో. ముప్ఫై దాటని వయసు, ఇస్త్రీ చెదరని ఖాకీ చొక్కా. ప్రతి ఒక్కరి పేరూ అడిగి, తప్పు లేకుండా పలకడానికి నోట్లోనే రెండుసార్లు అనుకున్నాడు. అంకమ్మరావు అతని ఎదురుగానే తెలుగులో అతని రంగు గురించి, పెదాల గురించి ఒక మాట అన్నాడు. అందరూ నవ్వారు. తనను మెచ్చుకుంటున్నారనుకుని కగీసో కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి కోటేశ్వరికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. భర్త వైపు చూసింది. శివరామకృష్ణ నవ్వలేదు. కెమెరా సంచీ జిప్పు సరిచేసుకుంటున్నాడు.

జలపాతం దగ్గరికి వెళ్ళేసరికి అది కనపడకముందే వినపడింది. నేల సన్నగా అదురుతోంది. చెట్ల మధ్య దారిలో వాన కురుస్తున్నట్టు తుంపర పడుతోంది. రెయిన్‌కోట్లు ఇచ్చారు. దారి మలుపు తిరిగాక ఎదురుగా భూమి చీలినట్టు పెద్ద లోయ, దాని అంచు పొడుగునా నది ఒక్కసారిగా లోపలికి పడిపోతోంది. ఎంతసేపు చూసినా అడుగు కనపడదు. పొగలో ఇంద్రధనుస్సు ఒకటి గుండ్రంగా తేలి ఉంది. కోటేశ్వరి రెయిన్‌కోటు టోపీ వెనక్కి తీసేసింది. ముఖం మీద నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. చిన్నప్పటి బొమ్మలో ఈ చప్పుడు లేదు. శ్రీదుర్గను కూడా తీసుకొచ్చి ఉంటే బాగుండునని ఒక్క క్షణం అనుకుంది.

అంతలో ప్రేమ్‌చంద్ చప్పట్లు కొట్టి అందరినీ పిలిచాడు. సంచీలోంచి మడత పెట్టిన బ్యానర్ తీసి విప్పాడు. దాని మీద నీలం మూత సీసా మనిషి ఎత్తున ఉంది. పక్కన కళకళలాడే ఎర్రటి మిరప తోట, ‘తామరకు తుది దెబ్బ’ అన్న అక్షరాలు. డీలర్లు జంటలుగా బ్యానర్ పట్టుకుని జలపాతం ముందు నిలబడ్డారు. కంపెనీకి వీడియో పంపాలని, ఆ మాటే అందరూ ఒకేసారి గట్టిగా అనాలని చెప్పాడు. జలపాతం హోరులో మాట సరిగా రికార్డు కాలేదని మళ్ళీ మళ్ళీ అనిపించాడు. పక్కన ఎవరో విదేశీ ముసలి దంపతులు తమ వంతు కోసం తడుస్తూ నిలబడ్డారు. వాళ్ళకు దారి ఇవ్వమని కోటేశ్వరి అంటే ఎవరికీ వినపడలేదు. బ్యానర్ రెండో కొస ఆమె చేతిలోనే ఉంది. తడిసి బరువెక్కిన ఆ బట్టను పట్టుకుని ఆమె కూడా నోరు తెరిచింది. తామరకు అది ఏ దెబ్బా కాదని అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు. కొట్టు ముందు నిలబడ్డ రైతుల ముఖాలు చూసినవాళ్ళే అందరూ.

మర్నాడు సరిహద్దు దాటి బోట్స్వానా వెళ్ళారు. ఆ రాత్రి అక్కడి లాడ్జిలో ఉండి, తెల్లవారుతూనే పైకప్పు లేని జీపులో అడవిలోకి బయలుదేరారు. కగీసో నడుపుతూ, జంతువులకు బెదురు పుడుతుందని గొంతు తగ్గించమన్నాడు. కాసేపు తగ్గించారు. జింకల మంద కనపడగానే ఈలలు వేశారు. ఏనుగులు పిల్లను మధ్యలో పెట్టుకుని దారి దాటుతుంటే అంకమ్మరావు వక్కపొడి పొట్లం దాని మీదికి విసిరాడు. తల్లి చెవులు విప్పి ఆగింది. కగీసో బండి వెనక్కి తీసి, మొదటిసారి నవ్వకుండా, అలా చేయవద్దన్నాడు. అంకమ్మరావు ప్రేమ్‌చంద్ వైపు చూసి, డబ్బులిచ్చేది మనమా వాడా అని అడిగాడు.

ఇంకొంత దూరం పోయాక వాసన వచ్చింది. ముందు కుళ్ళిన మాంసం వాసన. ఆ వెనక ఇంకొకటి, ముక్కు లోపల పట్టేసే వాసన. ఆ రెండోది కోటేశ్వరికి తెలుసు. జీపులో ఉన్న డీలర్లందరికీ తెలుసు. పూర్వం పొలాల్లో చల్లి, తర్వాత ప్రభుత్వం నిషేధించిన గుళికల మందు వాసన అది.

కగీసో బండి ఆపాడు. పొదల అవతల ఏనుగు కళేబరం పడి ఉంది. దంతాల కోసం ముఖం నరికేశారు. దాని చుట్టూ, గడ్డిలో, దారి మీద రాబందులు పడి ఉన్నాయి. కొన్ని రెక్కలు పరుచుకుని, కొన్ని ఒకదాని మీద ఒకటి. ఒక నక్క వాటి మధ్యే కాళ్ళు చాపి పడి ఉంది. అంత కుళ్ళిన మాంసం మీద ఈగల రొద లేదు. కోటేశ్వరి తేరిపార చూసింది. ఈగలు కూడా చచ్చి, కళేబరం పక్కన నేల మీద నల్లటి ఊకలా పరుచుకుని ఉన్నాయి.

కగీసో రేడియోలో అటవీశాఖ వాళ్ళను పిలుస్తూ, మధ్యలో వెనక్కి తిరిగి ఇంగ్లీషులో చెప్పాడు. ఏనుగును చంపినవాళ్ళు మిగిలిన మాంసంలో పురుగుమందు కలిపి పోతారట. రాబందులు ఆకాశంలో తిరిగితే అటవీ సిబ్బందికి చోటు తెలిసిపోతుందని, ముందే వాటిని చంపేస్తారట. ఎవరూ దిగవద్దనీ, ఏదీ ముట్టుకోవద్దనీ చెప్పి మళ్ళీ రేడియో వైపు తిరిగాడు.

దారి అంచున ఒక రాబందు ఇంకా చావలేదు. మెడ నేల మీద ఈడుస్తోంది. ముక్కులోంచి సొంగ తీగలా కారుతోంది. రెక్కలు సన్నగా వణుకుతున్నాయి. ఒకసారి వాళ్ళ కొట్టు మెట్ల మీదికి మందు కొట్టే కూలీని మోసుకొచ్చినప్పుడు అతని చేతులు అలాగే వణికాయి. కోటేశ్వరి ముఖం తిప్పుకుంది.

అప్పుడు శివరామకృష్ణ ఆమె చెవి దగ్గరికి వంగాడు. ఆమెకు మాత్రమే వినపడేలా, ఎంతో మెచ్చుకోలుగా అన్నాడు.

"మందంటే ఇదీ. ఈగ కూడా లేవలేదు చూడు."

ఆమె ఆయన వైపు చూసింది. ఎగతాళి చేయడం లేదు. మంచి సరుకును చూసిన వ్యాపారి ముఖంతో చూస్తున్నాడు. ఇన్నేళ్ళు పక్కన పడుకున్న మనిషి ఒంటి వేడి ఆ క్షణంలో ఆమెకు భరించరానిదయింది. సీట్లో పక్కకు జరిగి కూర్చుంది.

ఈలోగా అంకమ్మరావు జీపు వెనక నుంచి దిగిపోయాడు. చచ్చిన రాబందు ఒకదాన్ని రెండు రెక్కలూ పట్టి పైకెత్తి, తన చేతుల కంటే అది ఎంత వెడల్పుందో చూపించాడు. దాని తల వేలాడి ఆయన మణికట్టు మీద సొంగ కార్చింది. ప్రేమ్‌చంద్ ఫోటో తీశాడు. కగీసో అరిచాక గానీ దాన్ని కింద పడెయ్యలేదు.

అటవీశాఖ వాళ్ళు వచ్చాక జీపు నది వైపు వెళ్ళింది. అక్కడ చెట్ల కింద లాడ్జి వాళ్ళు తెల్లగుడ్డలు పరిచిన బల్లలు, గాజు గ్లాసులు, పలహారాలు సిద్ధం చేసి ఉంచారు. కోటేశ్వరి నోట్లో ఏమీ పెట్టుకోలేకపోయింది. మిగతా వాళ్ళు తిన్నారు. అంకమ్మరావు చేతులు ప్యాంటుకు తుడుచుకుని ఉడికిన గుడ్డు తీసుకోవడం చూసి, సబ్బుతో కడుక్కోండి అన్నయ్య గారూ, అది చర్మంలోంచి ఒంటికి పడుతుంది అని చెప్పింది.

"మందుల్లో పుట్టి మందుల్లో పెరిగినోళ్ళం చెల్లెమ్మా, మనకేం పడతయ్," అన్నాడాయన.

తిరుగు దారిలో ఆయనకు చెమటలు పట్టాయి. నోట్లో నీళ్ళూరుతున్నాయని ఉమ్ముతూ వచ్చాడు. చూపు మసకగా ఉందన్నాడు. తర్వాత జీపులోనే, తన ఒళ్ళో, భార్య చీర మీద వాంతి చేసుకున్నాడు. ప్రేమ్‌చంద్ రాత్రి తాగింది దిగలేదన్నాడు. కగీసో ఎండ దెబ్బ అనుకుని నీళ్ళ సీసా ఇచ్చాడు. కోటేశ్వరి సీట్ల మీదుగా వెనక్కి వెళ్ళి అంకమ్మరావు కనురెప్ప పైకెత్తి చూసింది. కంటిపాప చీమ తలంత అయిపోయింది. ఆమె కగీసోతో ఇది పురుగుమందు విషమని, ఏ రకం మందో ఇంగ్లీషులో చెప్పి, బండి లాడ్జికి కాదు ఆసుపత్రికి పోనివ్వమంది. ఆయన చొక్కా విప్పించి, గుడ్డ చుట్టుకున్న చేత్తో పట్టుకుని, ఉన్న నీళ్ళన్నీ ఆయన చేతుల మీద, మెడ మీద పోసింది. కోటిరత్నం ఆమె మోచేయి పట్టుకుని ఏడవకుండా కూర్చుంది.

ఆసుపత్రిలో విరుగుడు ఇంజెక్షన్ ఇచ్చి, ఆ పూటంతా ఉంచుకుని పంపించారు. మనిషి బతికాడు. కాస్త ఆలస్యమైతే ఊపిరి ఆగేదని డాక్టరు చెప్పింది. ప్రేమ్‌చంద్ కోటేశ్వరికి దణ్ణం పెట్టాడు. ఆ వెంటనే డీలర్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి, ఇంటికి ఫోన్ చేసేటప్పుడు తిండి పడలేదని చెప్పమని, రాబందుల ఫోటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టవద్దని అన్నాడు. మందుల కంపెనీ టూరులో మందు విషం అన్న మాట బయటికి పోతే ఎవరికీ మంచిది కాదు గదా. అందరూ సరేనన్నారు. ఆమె కూడా సరేనంటుందని ఎదురుచూశారు. ఆమె లేచి బయటికి నడిచింది.

ఆఖరి సాయంత్రం పెద్ద విందు. అంకమ్మరావు నీరసంగా ఉన్నా వచ్చి కూర్చుని, తన కథ తానే చెప్పడం మొదలుపెట్టాడు. రాబందును ఎత్తినప్పుడు ఎలా ఉందో చేతులు చాచి చూపించాడు. జీపులో వాంతి చేసుకున్నప్పుడు కోటిరత్నం ముఖం ఎలా పెట్టిందో పెట్టి చూపించాడు. మన నీలం మూత మందులో ఆ గుళికల బలం పదో వంతు ఉన్నా పల్నాడులో తామర మిగిలేది కాదు, రైతు మన కాళ్ళకు మొక్కేవాడు అన్నాడు. బల్ల చుట్టూ నవ్వులు పేలాయి. ప్రేమ్‌చంద్ కళ్ళు తుడుచుకున్నాడు. శివరామకృష్ణ కూడా, ఈసారి, నవ్వాడు. కోటేశ్వరి లేచి గదిలోకి వెళ్ళి బాత్రూములో కక్కుకుంది. తిన్నది కొంచెమే అయినా చాలాసేపు వాంతులు ఆగలేదు.

ఇంటికి వచ్చాక రెండు వానలు పడ్డాయి. పత్తి విత్తనాలకు, మిరప నారుకు రైతులు కొట్టుకు రావడం మొదలయింది. కోటేశ్వరి ఎప్పటిలాగే మధ్యాహ్నం కొట్లోకి వెళ్ళింది. లోపల అడుగు పెట్టగానే ఆ వాసన. ఇన్నాళ్ళూ ఆ వాసనలోనే కూర్చుని టీ తాగింది, కూతురి జడ వేసింది. ఇప్పుడు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటే తప్ప కూర్చోలేకపోయింది. శివరామకృష్ణ ఫ్యాను పెంచాడు.

ఒకరోజు ఆయన గోడౌనుకు వెళ్ళినప్పుడు శావల్యాపురం దగ్గర కౌలు చేసే హనుమాయమ్మ వచ్చింది. మొగుడు పోయాక తనే మిరప వేస్తున్న మనిషి. పోయినేడు తోటంతా పోయింది. మళ్ళీ నారు పోస్తున్నానని, చివర్లో ఇచ్చిన నీలం మూత మందు ఈసారి ముందే తీసిపెట్టమని అడిగింది. పోయినేడు ఆలస్యంగా కొట్టబట్టే పనిచేయలేదని, ఈసారి పూత రాకముందే మొదలుపెడతానని చెప్పింది.

కోటేశ్వరి సీసా తీయడానికి లేవలేదు.

"అది ముందు కొట్టినా వెనక కొట్టినా పనిచెయ్యదు పిన్నీ," అంది. తోటలో పురుగు అంటుకునే నీలం జిగురు అట్టలు కట్టమని, వేపనూనె కొట్టమని, మాటిమాటికీ మందులు కొడితే పురుగు పెరుగుతుందే తప్ప తగ్గదని చెప్పింది.

హనుమాయమ్మ కొంగు ముడి విప్పబోయి ఆగింది.

"ఈ ముక్క పోయినేడు నీకు తెలవదా?"

"తెలుసు."

"మరి ఎందుకిచ్చావమ్మా?"

హనుమాయమ్మ తిట్టలేదు. మెట్లు దిగేటప్పుడు పక్కకు తిరిగి ఉమ్మింది. తర్వాత రోడ్డు దాటి ఎదురు కొట్టుకు వెళ్ళింది. అక్కడ కాసేపు మాట్లాడి, అదే నీలం మూత సీసాను కొంగులో చుట్టుకుని బస్టాండు వైపు నడిచింది. కోటేశ్వరి కుర్చీలోంచి కదలకుండా అంతా చూసింది.

ఆ సాయంత్రం ఆమె భర్తతో ఇక కొట్టుకు రానని చెప్పింది. ఆయన విశ్రాంతి తీసుకోమన్నాడు. విశ్రాంతి కాదంది. కొట్టు లైసెన్సు ఆమె డిగ్రీ మీద, ఆమె పేరుతో ఉంది. శివరామకృష్ణ ఇంటరు దగ్గర ఆపేసినవాడు, ఆ చదువుకు లైసెన్సు రాదు. తన పేరు తీసేయమని ఆమె అడిగినప్పుడు గానీ ఆయనకు సంగతి అర్థం కాలేదు. శ్రీదుర్గ చదువు మాటేమిటన్నాడు. ఎదురు కొట్టువాడు మూసేశాడా అన్నాడు. ఆ ముసలామె కూడా అక్కడే కొనుక్కుంది గదా అన్నాడు.

"కొనుక్కుంది. నా చేత్తో ఇవ్వలేదు, అంతే," అంది కోటేశ్వరి.

"నేనేం తప్పు చేశాను, చెప్పు."

"ఆ రోజు అడివిలో మీరేమన్నారో గుర్తుందా?"

ఆయనకు గుర్తులేదు. ఎంత ఆలోచించినా రాలేదు. ఏమన్నాను అని నిజంగానే అడిగాడు. ఆమె చెప్పలేదు. చెప్పినా అందులో తప్పేముందని అడుగుతాడని ఆమెకు తెలుసు.

వ్యవసాయశాఖ ఆఫీసులో అధికారి ఆమెను కూర్చోబెట్టి, ఇంటి గొడవలకు లైసెన్సు వదులుకుంటే ఎలాగమ్మా, ఆలోచించుకోండి అన్నాడు. ఆలోచించుకునే వచ్చానని సంతకం పెట్టింది. కొట్టు మూతపడలేదు. శివరామకృష్ణ నరసరావుపేటలో ఎవరో కుర్రాడి డిగ్రీ పట్టా అద్దెకు తెచ్చుకుని, ఆ పేరు మీద కొత్త లైసెన్సు తీసుకున్నాడు. బోర్డుకు కొత్త రంగు వేయించాడు. ఆ ఏడు కూడా గిరాకీ తగ్గలేదు. భార్య మీద కోపం పెట్టుకోలేదు. ఆడవాళ్ళకు దూర ప్రయాణాలు పడవని బంధువులతో అన్నాడు.

కోటేశ్వరి ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే పనిలో చేరింది. కొట్టున్న వీధి గుండా వెళితే కాలేజీ దగ్గర. ఆమె మార్కెట్ యార్డు పక్కగా చుట్టు తిరిగి వెళ్తుంది.